కాలేజీ మెట్లెక్కని కాంపౌండరు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఎలా అయ్యాడు?

ప్రశ్న: నేను డి.ఫార్మ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ముత్తాతగారు ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరుగా చేసేవారట. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. కానీ మా ఇంట్లో గోడకి ఆయన పేరుతో 'రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్' అని 1950ల నాటి సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంది. కాలేజీకి వెళ్లకుండా అదెలా వచ్చింది? అసలు ఫార్మసీ ఒక వృత్తిగా ఎప్పుడు మొదలైంది? కాంపౌండరు, ఫార్మసిస్టు ఒకటేనా?

సమాధానం:

అమ్మా, నీ ప్రశ్న చదవగానే మా పెద్ద కాంపౌండరుగారు గుర్తొచ్చారు. 1979లో నేను డిప్లొమా కాగితం చేత్తో పట్టుకుని ఒక తాలూకా ఆసుపత్రిలో చేరేసరికి ఆయన అక్కడ సీనియర్. ఆయనా కాలేజీ మొహం చూడలేదు. ఆయన దగ్గరా అలాంటి సర్టిఫికెట్టే ఉండేది. నేను చదివొచ్చిన రెండేళ్ల చదువుని ఆయన మొదటి వారంలోనే ఉతికి ఆరేశారు. ఆ తర్వాత 39 ఏళ్లు గవర్నమెంటు కౌంటర్ల వెనకే గడిచాయి కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఓపిగ్గా చదువు.

ముందు సర్టిఫికెట్ సంగతి. అది దొంగదీ కాదు, ఎవరినో పట్టుకుని తెచ్చుకున్నదీ కాదు. 1948 ఫార్మసీ చట్టంలో 31వ సెక్షన్ అని ఒకటుంది. రాష్ట్రంలో మొట్టమొదటి రిజిస్టరు తయారుచేసేటప్పుడు ఎవరెవరి పేర్లు ఎక్కించాలో అది చెబుతుంది. ఫార్మసీ డిగ్రీ, డిప్లొమా ఉన్నవాళ్లు సరే. ప్రభుత్వం గుర్తించిన కాంపౌండర్ పరీక్ష పాసైనవాళ్లు సరే. వాళ్లతో పాటు, డాక్టర్ల చీటీల మీద మందులు కలిపి ఇచ్చే ఆసుపత్రిలోనో డిస్పెన్సరీలోనో మొత్తం మీద అయిదేళ్లకు తగ్గకుండా ఆ పని చేసినవాళ్లు కూడా అర్హులే. ఎంత చదివావు అని ఆ క్లాజు అడగదు. మీ ముత్తాతగారు దాదాపుగా ఆ దారిలోనే వచ్చి ఉంటారు. ఆ తలుపు మొదటి రిజిస్టరు కోసం తెరిచింది. ఆ తర్వాత వచ్చినవాళ్లకి మెట్రిక్యులేషన్ అడిగారు, నెమ్మదిగా డిప్లొమా తప్పనిసరి అయింది.

అంటే మన దేశంలో ఫార్మసిస్టు అనే మనిషి పుట్టేనాటికే కాంపౌండరు పని చేసి చేసి ముసలివాడయ్యాడన్నమాట. చట్టం వచ్చి అతనికి కొత్త పేరు పెట్టింది. అందుకే 'ఒకటేనా' అన్న నీ ప్రశ్నకి అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను.

వృత్తి ఎప్పుడు మొదలైంది అంటే చాలామంది ఈజిప్టు, సుమేరియా మట్టిపలకల దగ్గర మొదలుపెడతారు. నాకు ఆ లెక్క నచ్చదు. మందు నూరడం మనిషి పుట్టినప్పటి నుంచీ ఉంది. మందు రాసే చెయ్యి వేరు, తూచి ఇచ్చే చెయ్యి వేరు అయినప్పుడే మన వృత్తి పుట్టినట్టు. రాసినవాడి తప్పుని తూచేవాడు పట్టుకోవాలి. రెండు చేతులూ ఒకడివే అయితే పట్టుకునేవాడే ఉండడు.

మన ఆయుర్వేదం చూడు. చరకుడు వైద్యానికి నాలుగు పాదాలు అన్నాడు. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. అందులో మందు ఉంది గానీ మందు చేసేవాడికంటూ విడిగా పాదం లేదు. వైద్యుడే మూలికలు తెప్పించుకునేవాడు, ఇంట్లో కల్వంలో నూరించేవాడు, పొట్లం కట్టి ఇచ్చేవాడు. చూర్ణాలు, భస్మాలు చెయ్యడంలో మనవాళ్ల నైపుణ్యం ఎంత గొప్పదైనా అది వైద్యుడి ఇంట్లో విద్యగానే ఉండిపోయింది. కులవృత్తిగానో, సంఘంగానో వేరుపడలేదు. మిగతా సరుకంతా, అంటే శొంఠి, పిప్పళ్లు, కరక్కాయ, వసకొమ్ము, పచారీ కొట్టులో దొరికేది.

ఆ విడిపోవడం గట్టిగా కనిపించేది ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల బాగ్దాద్‌లో. అక్కడ మందుల దుకాణాలు విడిగా వెలిశాయి. హకీము చీటీ రాస్తే దుకాణంవాడు మందు ఇచ్చేవాడు. బజారు తనిఖీ చేసే ముహ్తసిబ్ అనే అధికారి వీళ్ల సరుకుని కూడా చూసేవాడు. సాబూర్ ఇబ్న్ సహల్ అనే ఆయన, 869లో పోయాడు, ఏ మందులో ఏది ఎంత అని ఒక ఫార్ములా పుస్తకం రాశాడు. అలాంటి పుస్తకాలని ఖరాబాదీన్ అంటారు, యునానీవాళ్లు ఇప్పటికీ ఆ మాట వాడతారు. ఈ పద్ధతి ఎక్కడో ఆగిపోలేదమ్మా, మన హైదరాబాద్ దాకా వచ్చింది. హకీం సాబ్ నుస్ఖా, అంటే మందు చీటీ, రాస్తాడు, అత్తార్ అనే దుకాణంవాడు దాన్ని చూసి తూచి కట్టిస్తాడు. మందు తయారీని దవాసాజీ అంటారు. చార్మినార్ పక్కన యునానీ దవాఖానా చుట్టుపక్కల ఆ దుకాణాల్లో నిలబడి చూస్తే వెయ్యేళ్ల కిందటి ఏర్పాటు కళ్ల ముందే కనిపిస్తుంది. నేను ట్రైనింగుకి హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా ఒక అరగంట అక్కడ నిలబడేవాణ్ణి, ఏమీ కొనకుండా.

యూరప్‌లో దీన్ని చట్టంగా రాసినవాడు 13వ శతాబ్దంలో సిసిలీని ఏలిన రెండో ఫ్రెడరిక్. డాక్టరు మందుల దుకాణం పెట్టకూడదు, దుకాణంవాడితో వాటా పెట్టుకోకూడదు, మందు ఇంత ధరకి మించి అమ్మకూడదు, దుకాణంవాడు ప్రమాణం చెయ్యాలి, పైన తనిఖీ ఉంటుంది. దాదాపు ఎనిమిదొందల ఏళ్ల కిందటి మాట ఇది. ఈరోజు మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ మెట్ల కింద ఉన్న షాపు ఎవరి పేరు మీద ఉందో ఒకసారి కనుక్కో, ఫ్రెడరిక్ ఎంత ముందుచూపున్నవాడో తెలుస్తుంది.

ఇంగ్లండ్ కథ నీకు ముఖ్యం, ఎందుకంటే మన చట్టం, మన కాంపౌండరు ఇద్దరూ ఆ దారినే వచ్చారు. లండన్‌లో అపోతెకరీలు, అంటే మందులు కలిపేవాళ్లు, మొదట కిరాణా వర్తకుల సంఘంలోనే ఉండేవాళ్లు. పచారీ కొట్టు సంగతి చెప్పాను కదా, అక్కడా అంతే. 1617లో ఒకటో జేమ్స్ రాజు వాళ్లకి వేరే సంఘం ఇచ్చాడు. ఆ తర్వాత వాళ్లేం చేశారో తెలుసా? నెమ్మదిగా రోగుల నాడి కూడా చూడడం మొదలుపెట్టారు. డాక్టర్ల కాలేజీవాళ్లు విలియం రోజ్ అనే అపోతెకరీ మీద కేసు పెట్టారు, ఒక కసాయి అతనికి డాక్టరు చీటీ లేకుండా మందిచ్చాడని. కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. 1704లో రోజ్ గెలిచాడు. దాంతో అపోతెకరీలు డాక్టర్లయిపోయారు. 1815 చట్టంతో అది ఇంకా గట్టిపడింది.

మరి ఖాళీ అయిన కౌంటర్ వెనక్కి ఎవరొచ్చారు? కెమిస్ట్ అండ్ డ్రగ్గిస్ట్ అనే కొత్త జనం. వాళ్లు 1841లో ఫార్మాస్యూటికల్ సొసైటీ పెట్టుకున్నారు. కౌంటర్ వెనకున్నవాడు ముందుకొచ్చి కుర్చీలో కూర్చుంటాడు, ఆ స్థానంలోకి ఇంకొకడు వస్తాడు. మన పల్లెల్లో కాంపౌండరు ఆరెంపీ డాక్టరు అవడం కూడా సరిగ్గా ఇదే కథ. దాన్ని మనవాళ్ల దగుల్బాజీతనం అనుకునేవాళ్లకి లండన్ అపోతెకరీల సంగతి చెప్పు.

ఇక బ్రాడ్‌ఫర్డ్ సంగతి. ఇది నేను ట్రైనీలు ఎవరొచ్చినా చెప్పేవాణ్ణి. 1858 అక్టోబరు చివర, ఇంగ్లండ్‌లోని ఆ ఊళ్లో జోసెఫ్ నీల్ అనే మిఠాయివాడు పిప్పర్‌మెంట్ బిళ్లలు చేసేవాడు. పంచదార ఖరీదెక్కువ కాబట్టి అందులో జిప్సం లాంటి తెల్ల పొడి కలిపేవాళ్లు. దాన్ని తెమ్మని ఒకతన్ని దగ్గర్లోని మందుల షాపుకి పంపాడు. షాపు ఓనరుకి ఒంట్లో బాగాలేక లోపల పడుకున్నాడు. అసిస్టెంటు కుర్రాడు వెళ్లి అడిగితే, అటకమీద మూల ఉన్న పీపాలో ఉంది, తీసివ్వు అన్నాడట. కుర్రాడు పన్నెండు పౌన్లు తూచి ఇచ్చాడు. అది ఆర్సెనిక్. రెండూ తెల్లటి పొడులే, పీపాల మీద సరైన చీటీ లేదు. ఆ బిళ్లలు శనివారం సంతలో అమ్ముడుపోయాయి. ఇరవై మంది దాకా చచ్చిపోయారు, రెండొందల మందికి పైగా మంచం పట్టారు. అరెస్టులు చేశారు, కానీ ఎవరికీ శిక్ష పడలేదు. ఎందుకంటే ఆ షాపులో ఎవరు నిలబడాలి, ఏం చదివి ఉండాలి అనే చట్టమే లేదు. పదేళ్లకి, 1868లో, విషాలు అమ్మేవాడికి పరీక్ష, రిజిస్ట్రేషన్ ఉండాలని చట్టం వచ్చింది. ఇదొక్కటే కారణం అనను గానీ, ఆ చర్చలో బ్రాడ్‌ఫర్డ్ పేరు వినపడుతూనే ఉంది.

మన వృత్తి చరిత్రంతా ఇలాగే నడిచింది. ఎక్కడో జనం పోతారు, తర్వాత చట్టం వస్తుంది. అమెరికాలో 1937లో సల్ఫనిలమైడ్ అనే మందుని డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపు ద్రవంలో కరిగించి తియ్యటి మందుగా అమ్మారు, వంద మందికి పైగా పోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. 1938లో కొత్త చట్టం వచ్చింది. అదే గ్లైకాల్ తర్వాత మన దేశంలోనూ ఒకసారి కాదు చాలాసార్లు ప్రాణాలు తీసింది.

ఇప్పుడు మన కాంపౌండరు దగ్గరికి వద్దాం. బ్రిటిష్‌వాళ్లు ఇక్కడ ఆసుపత్రులు పెట్టారు, డాక్టర్లు తక్కువ. డాక్టరు చీటీ రాస్తే మందు కలిపిచ్చే మనిషి కావాలి. మద్రాస్ మెడికల్ కాలేజీలో పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలోనే కెమిస్టులకి, డ్రగ్గిస్టులకి శిక్షణ మొదలైంది. కానీ ఆ శిక్షణ ఎంతమందికి అందింది? మిగతా కాంపౌండర్లంతా చూసి నేర్చుకున్నవాళ్లే. డాక్టరుగారి బ్యాగు మోసేవాడు సీసాలు కడిగేవాడయ్యేవాడు, సీసాలు కడిగేవాడు మిక్చర్ కలిపేవాడయ్యేవాడు. పైగా డాక్టరు తన రోగికి తనే మందు ఇచ్చుకోవచ్చు. ఆ వెసులుబాటు డ్రగ్స్ రూల్స్ కె షెడ్యూల్‌లో ఇప్పటికీ ఉంది. కాబట్టి కాంపౌండరు డాక్టరు చెయ్యికి పొడిగింపే అయ్యాడు గానీ రెండో చెయ్యి కాలేకపోయాడు. జీతం డాక్టరుగారిచ్చేది అయినప్పుడు, "అయ్యా, ఇక్కడ మోతాదు ఎక్కువ పడింది" అని చెప్పే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? చిన్నచూపు మొదలైంది అక్కడే అని నా నమ్మకం.

కానీ వాళ్ల పని చూడాలమ్మా. నేను చేరేనాటికి మా ఆసుపత్రిలో ఇంకా మిక్చర్లు కలిపేవాళ్లం. రోగులు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకునేవాళ్లు, కొందరివి కిరసనాయిలు వాసన కొట్టేవి. పెద్దాయన ఏ సీసానైనా ముందు ముక్కు దగ్గర పెట్టుకునేవారు. కార్మినేటివ్ మిక్చర్ అంటే సోడా బైకార్బ్, యాలకుల టింక్చరు, పిప్పర్‌మెంట్ నీళ్లు. దాని గులాబీ రంగు యాలకులది కాదు, ఆ టింక్చర్లో వేసే కోచినీల్ అనే పురుగుల రంగు. మడి కట్టుకునే మామ్మలు కూడా 'ఎర్ర మందు' అని అడిగి మరీ తాగేవాళ్లు, ఆయన ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. సీసా నింపాక ఒక సన్నటి కాగితం ముక్క మడిచి, కత్తెరతో అంచున గాట్లు పెట్టి, మైదా జిగురుతో సీసాకి నిలువుగా అంటించేవారు. ఒక్కో గాటు ఒక్కో డోసు. చదువురాని మనిషికి అంతకంటే మంచి లేబులు నేను ఇప్పటిదాకా చూడలేదు.

మొదటి వారంలోనే ఉతికి ఆరేశారన్నాను కదా. ఒక పాత పుస్తకంలోంచి చీటీ రాసి నా ముందు పెట్టి, "కలపొచ్చా?" అన్నారు. అందులో స్ట్రిక్నిన్ ఉంది, పొటాషియం బ్రోమైడ్ ఉంది. మోతాదులు చూశాను, రెండూ హద్దులోనే ఉన్నాయి. కలపొచ్చండీ అన్నాను. ఆయన నవ్వలేదు. స్ట్రిక్నిన్ అంటే ముష్టి గింజల్లోని విషం. బ్రోమైడ్ తగిలితే అది కరిగి ఉండదు, స్ఫటికాలుగా మారి సీసా అడుగుకు దిగిపోతుంది. మొదటి డోసులన్నీ మామూలుగానే ఉంటాయి, ఆఖరి డోసులో సీసాలోని విషం మొత్తం దాదాపు ఒక్కసారే గొంతులోకి పోతుంది. రాసిన డాక్టరు ప్రతి మందునీ విడిగా సరిగ్గానే రాసి ఉంటాడు. కలిస్తే ఏమవుతుందో తెలియాల్సింది కలిపేవాడికి. "అందుకేరా మనకి జీతం" అన్నారు. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి చదివినవాళ్లు ఔన్సుకి ఎనిమిది డ్రాములు, డ్రాముకి అరవై మినిములు అని నోటితో లెక్క కట్టి ఇదంతా చేసేవాళ్లు. అయితే అందరూ మా పెద్దాయనలాంటివాళ్లు కారు. అలాంటి గురువు దొరకనివాడు ఏం కలిపి ఉంటాడో ఊహించుకుంటే భయమేస్తుంది. అందుకే చట్టం రావడాన్ని నేను ఎప్పుడూ తప్పు పట్టను.

చట్టానికి మన దగ్గర కారణమైంది క్వినైన్. మలేరియా ఊళ్లకి ఊళ్లని ఊడ్చేస్తున్న రోజులు. బయటి దేశాల నుంచి వచ్చే నాసిరకం సరుకు, కల్తీ క్వినైన్ బజారు నిండా ఉండేవి. అడిగేవాడు లేడు. 1927లో కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌లో దీని మీద తీర్మానం వచ్చింది. 1930లో కల్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షుడిగా డ్రగ్స్ ఎంక్వయిరీ కమిటీ వేశారు. కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో ఫార్మకాలజీ ప్రొఫెసరు ఆయన. కమిటీ దేశమంతా తిరిగి 1931లో రిపోర్టు ఇచ్చింది. మందుల నాణ్యతకి ఒక చట్టం కావాలి, ఫార్మసీ వృత్తికి ఒక చట్టం కావాలి, కాంపౌండర్ల శిక్షణ బాగుపడాలి అని. ఎప్పటిలాగే ఫైలు నిద్రపోయింది. మందుల చట్టం 1940లో, వృత్తి చట్టం స్వాతంత్ర్యం వచ్చాక 1948 మార్చి 4న వచ్చాయి. ఫార్మసీ కౌన్సిల్ 1949లో ఏర్పడింది, చదువుకి మొదటి రెగ్యులేషన్లు 1953లో.

ఆ ఫైలు నిద్రపోతున్న రోజుల్లో ఒకాయన ఎవరి కోసం ఆగకుండా పని మొదలుపెట్టాడు. మహాదేవ లాల్ ష్రాఫ్. 1932లో బెనారస్ హిందూ యూనివర్సిటీలో ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీని ఒక సబ్జెక్టుగా పెట్టించాడు, 1937కి దాన్ని బి.ఫార్మ్ డిగ్రీ చేశాడు, 1939లో పత్రిక పెట్టాడు. రిజిస్ట్రేషనూ లేదు, ఉద్యోగం గ్యారంటీ లేదు, అయినా పిల్లల్ని చేర్చుకుని పాఠం చెప్పాడంటే ఆ మొండితనానికి దండం పెట్టాలి. మన వైపు ఆంధ్రా యూనివర్సిటీలో, విశాఖపట్నంలో, ఫార్మసీ విభాగం 1951లో మొదలైంది.

చదువు బాగానే ఉంది, కానీ ష్రాఫ్‌గారి దగ్గర చదివినవాళ్లు కౌంటర్ దగ్గరికి రాలేదు, ఫ్యాక్టరీలకి వెళ్లారు. దానికి ముందు నుంచే దారి ఉంది. కలకత్తాలో ప్రఫుల్ల చంద్ర రే 1892లో ఏడొందల రూపాయల పెట్టుబడితో అద్దె ఇంట్లో మొదలుపెట్టిన పని 1901లో బెంగాల్ కెమికల్స్ కంపెనీ అయింది. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు కలకత్తాలో మందుల తయారీ నేర్చుకుని 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో జిందా తిలిస్మాత్ 1920 నుంచి ఉంది. 1960ల్లో బాలానగర్‌లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ వచ్చాక హైదరాబాద్ దశ తిరిగింది. అక్కడ పనిచేసి బయటికొచ్చిన కల్లం అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఫార్మా అంటే మనవాళ్లకి ఫ్యాక్టరీ గుర్తొస్తుంది, షాపులో మనిషి గుర్తు రాడు. బి.ఫార్మ్ చదివి షాపులో కూర్చుంటే "అయ్యో, ఉద్యోగం రాలేదా" అంటారు.

ఇక 42వ సెక్షన్. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు తప్ప ఇంకెవరూ డాక్టరు చీటీ మీద మందు కలపకూడదు, ఇవ్వకూడదు అని చెప్పే సెక్షన్ అది. తప్పితే ఆరు నెలల దాకా జైలు గానీ వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, లేదా రెండూ అని మొదట రాశారు, ఆ శిక్షని 2023 సవరణలో మార్చారు. మన వృత్తికి ప్రాణం ఇదే. కానీ చట్టం వచ్చిన రోజు నుంచి ఇది అమల్లోకి రాలేదు. రాష్ట్రాలు తేదీ ప్రకటించాలి. మనుషులు సరిపడా లేరని వాయిదాలు పడుతూ వచ్చింది. చివరికి 1976 సవరణలో, రాష్ట్రం తేదీ చెప్పకపోతే ఎనిమిదేళ్లకి దానంతటదే అమల్లోకి వస్తుందని పెట్టారు. అంటే 1984. ఈలోగా షాపుల లైసెన్సుల కోసం డ్రగ్స్ రూల్స్‌లో 'క్వాలిఫైడ్ పర్సన్' అనే ఏర్పాటు విడిగా నడిచింది. వృత్తికి గుండెకాయ లాంటి నిబంధన ముప్పై ఆరేళ్లు కాగితం మీదే ఉంటే, ఆ లోపల జనానికి ఒక అలవాటు స్థిరపడిపోయింది. షాపు అంటే సెల్ఫుల్లోంచి తీసిచ్చే కుర్రాడు. ఫార్మసిస్టు అంటే గోడ మీద సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ అద్దెకి తిరుగుతుందని నీ క్లాసులో అందరికీ తెలుసు, రేపు నీకూ ఆఫర్ వస్తుంది. నెలకి ఇంత, రానక్కర్లేదు అంటారు. మీ ముత్తాతగారి సర్టిఫికెట్ వెనక కనీసం అయిదేళ్ల చేతిపని ఉంది. అద్దెకిచ్చిన దాని వెనక ఏముందో నువ్వే ఆలోచించుకో.

అదే సమయంలో ఇంకోటి జరిగింది. మాత్రలు, స్ట్రిప్పులు వచ్చేశాయి. కలిపే పని పోయింది. నేను చేరిన పదేళ్లకి మా ఆసుపత్రిలో త్రాసు మూలన పడింది. కలపడమే కాంపౌండరు పని అయితే అతను అక్కడితో అయిపోయాడు. ప్రపంచమంతా ఇదే గొడవ. అమెరికాలో అయితే 1952 నాటి వాళ్ల వృత్తి నియమావళి, మందు ఏం చేస్తుందో, అందులో ఏముందో రోగితో ఫార్మసిస్టు మాట్లాడకూడదనే చెప్పింది. అది డాక్టరు వ్యవహారమట! 1966లో శాన్‌ఫ్రాన్సిస్కో యూనివర్సిటీ ఆసుపత్రి తొమ్మిదో అంతస్తులో ఫార్మసిస్టుల్ని వార్డులోనే కూర్చోబెట్టి చూశారు, అక్కడి నుంచి క్లినికల్ ఫార్మసీ, అంటే రోగి పక్కనే ఉండి మందుల సంగతి చూసే ఫార్మసీ, అనే మాట గట్టిపడింది. మన దగ్గర ఆరేళ్ల ఫార్మ్.డి 2008లో వచ్చింది. 2015లో వచ్చిన ప్రాక్టీస్ రెగ్యులేషన్లు రోగికి కౌన్సెలింగ్ ఇవ్వడం నీ బాధ్యతే అని రాశాయి. (అమెరికా వెళ్లాలని ఉంటే ఒక మాట. 2003 తర్వాత పాసైనవాళ్లకి అక్కడ కనీసం అయిదేళ్ల ఫార్మసీ చదువు అడుగుతారు. నాలుగేళ్ల బి.ఫార్మ్‌తో లైసెన్సు పరీక్ష దాకా వెళ్లలేక ఆగిపోయిన తెలుగు పిల్లలు నాకే నలుగురు తెలుసు.)

నిన్నమొన్నటి సంగతి ఒకటి చెబుతాను. రిటైరయ్యాక సాయంత్రాలు ఒక స్నేహితుడి షాపులో కూర్చుంటున్నాను. అరవై దాటిన రైతు ఒకాయన ఖాళీ స్ట్రిప్ చూపించి, ఇంకో అట్ట ఇవ్వండి అన్నాడు. మెథోట్రెక్సేట్, ఏడున్నర మిల్లీగ్రాములు. కీళ్లవాతానికి రాశారు. స్ట్రిప్ మీద వేరే షాపులో కుర్రాడెవరో పెన్నుతో 1-0-0, అంటే రోజూ పొద్దున ఒకటి, అని గీశాడు. పది మాత్రలు, పది రోజులు. చీటీ అడిగితే మడతలు పడ్డ కాగితం తీశాడు. అందులో డాక్టరు రాసింది వారానికి ఒకసారి. నోరు తెరవమన్నాను. నోరంతా పూసి ఉంది, అన్నం తినలేకపోతున్నాను, వేడి చేసిందనుకుంటున్నాను అన్నాడు. వేడి కాదు, పదివారాల మందు పది రోజుల్లో వేసుకున్నాడు. అప్పటికప్పుడు ఆటో ఎక్కించి, డాక్టరుగారికి ఫోన్ చేసి పంపాం. తెల్లకణాలు బాగా పడిపోయాయట. రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి బయటపడ్డాడు.

చీటీలో దాని కిందే ఫోలిక్ యాసిడ్ ఉంది, మెథోట్రెక్సేట్ దెబ్బ కొంత తగ్గించడానికి. ఈ రెండు మందుల వెనకా భీమవరంలో పుట్టి, మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారున్నారు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది, దానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడి నుంచే వచ్చాయి. అంత గొప్ప బుర్ర కనిపెట్టిన మందు, మన కౌంటర్ మీద ఒక పెన్ను గీతతో విషమైంది. డాక్టరు తప్పు రాయలేదు, కంపెనీ తప్పు చెయ్యలేదు. మధ్యలో ఉండాల్సిన మనిషి లేడు, అంతే.

అప్పటి నుంచి ఆ మాత్ర నా చేతుల మీదుగా వెళ్తే, డాక్టరు ఏ రోజు చెప్పారో అడిగి, మార్కర్ పెన్నుతో స్ట్రిప్ మీద ఆ రోజు పేరు, 'సోమవారం మాత్రమే' అన్నట్టు, తెలుగులో పెద్దక్షరాలతో రాస్తున్నాను. చదువురానివాళ్లకైతే ఒక్క మాత్ర కత్తిరించి విడిగా ఇచ్చి, మిగతావి ఇంట్లో చదువుకున్నవాళ్ల చేతికి ఇమ్మంటాను. మా పెద్దాయన గాట్ల కాగితానికి ఇదే నాకు తోచిన మార్గం.

మీ ముత్తాతగారి ఫ్రేము ఒకసారి కిందికి దించి చూడు. రిజిస్ట్రేషన్ నంబరు చిన్నదై ఉండి, అర్హత అన్నచోట కాలేజీ పేరుకి బదులు ఆయన పనిచేసిన చోటో, సెక్షన్ నంబరో ఉంటే అది మొదటి రిజిస్టరు కాగితమే. దానితో పాటు అయిదేళ్లు పనిచేశాడని డాక్టరుగారు రాసిచ్చిన ఉత్తరం లాంటిది ఏదైనా ఫ్రేము అట్ట వెనక దాచి ఉండొచ్చు, మా పెద్దాయన అక్కడే దాచుకున్నారు. మేకులు జాగ్రత్తగా ఊడదియ్యి, ఆ కాలం కాగితం చెయ్యి తగిలితే పొడిపొడి అవుతుంది.